నిద్రలో లేచే అలలు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఇంటెడు చాకిరీ ముగించి, వంటింటి దీపం ఆర్పి, దిండు మీద తల వాల్చిన ఇల్లాలికి ఆ మాటలోని నిజం ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. కళ్ళు మూతపడగానే లోకం మాయమవుతుంది. మనతోపాటు మన మెదడు కూడా దుకాణం కట్టేసి పడుకుంటుందనే అనుకుంటాం.

కాని మెదడు దుకాణం కాదు. విశాఖ ఉక్కు కర్మాగారంలోని కొలిమి లాంటిది. 1971 జనవరి 20న ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారంలో మొదటి కొలిమి 1990లో రాజుకుంది. దానికి 'గోదావరి' అని చక్కని తెలుగుపేరు పెట్టుకున్నారు. అటువంటి కొలిమిని ఒకసారి వెలిగించాక, రాత్రయింది గదా అని ఆర్పెయ్యరు. పగటి షిఫ్టువాళ్ళు ఇంటికి పోతారు, రాత్రి షిఫ్టువాళ్ళు వస్తారు, అంతే. మెదడుకూ అదే పద్ధతి. మనం నిద్రపోయాక అక్కడ షిఫ్టు మారుతుంది. పగలంతా గబగబా కదిలే చిన్నచిన్న విద్యుత్తరంగాలు వెనక్కి తగ్గి, నిదానంగా, ఎత్తుగా లేచే పెద్ద అలలు మొదలవుతాయి.

మనకు విశ్రాంతినిచ్చేవి ఆ నిదానపు అలలే. చిత్రమేమంటే, కొందరిలో మూర్ఛవ్యాధి దొంగలా చొరబడేది కూడా ఆ అలల మాటునే. ఈ రెంటికీ వున్న చుట్టరికం తెలుసుకోవడానికి మనిషికి చాలాకాలం పట్టింది. ఆ కథ తెలుసుకుంటే మన ఇళ్ళలో ఇంకా మిగిలివున్న కొన్ని భయాలు పోతాయి. కొందరు పిల్లలకు అనవసరపు దెబ్బలూ తప్పుతాయి.

మన పూర్వులు ఈ జబ్బును అపస్మారం అన్నారు. స్మరణ అంటే జ్ఞాపకం. అది తప్పిపోవడం అపస్మారం. చరకసంహితలో దీనికి నిదానమూ చెప్పారు, చికిత్సా చెప్పారు. నటరాజస్వామి విగ్రహాన్ని ఈసారి పరకాయించి చూడండి. స్వామి పాదం కింద నలుగుతున్న ఆ మరుగుజ్జు పేరు అపస్మారుడే. గ్రీకు దేశంలోనూ దీన్ని దేవతలు పంపిన పవిత్రరోగం అనుకునేవారు. సుమారు 2,400 ఏళ్ళ కిందట హిపోక్రటీసు సంప్రదాయపు వైద్యులు, ఇది తక్కిన రోగాలకంటే పవిత్రమైనదేమీ కాదు, దీని మూలం మెదడులో వుంది అని తేల్చి రాశారు. రాస్తే మటుకు వినేదెవరు? లోకం దయ్యాలనే నమ్ముకుంది.

మన ఇళ్ళలో మాత్రం ముసలమ్మలు ఒక సంగతి ఎప్పుడో గమనించారు. "గుంటకి రాత్రిపూటే వస్తోందమ్మా, పగలు శుభ్రంగా ఆడుకుంటాడు" అనేవారు. "తెల్లారగట్ల గాలి సోకింది" అని వేపమండలు తెచ్చేవారు, తాయెత్తు కట్టించేవారు. వాళ్ళ పరిశీలన భేషయినది. చెప్పుకున్న కారణమే తప్పు. అదే పరిశీలనను 1885లో లండను వైద్యుడు విలియం గవర్స్ లెక్కకట్టి చూపించాడు. ఆయన చూసిన రోగుల్లో సుమారు అయిదింట ఒకవంతు మందికి మూర్ఛలు నిద్రలోనే వచ్చేవిట. కాని ఎందుకు వస్తున్నాయో చెప్పే సాధనం ఆయన దగ్గరా లేదు.

ఆ రోజుల్లో మూర్ఛరోగుల్ని పిచ్చివాళ్ళతో కలిపి లెక్కవేసే అలవాటు లోకమంతటా వుండేది. మద్రాసు రాజధాని మొత్తానికి 19వ శతాబ్దంలో మూడు పిచ్చాసుపత్రులుంటే, వాటిలో ఒకటి మన వాల్తేరులోదే. మూర్ఛ అంటే పిచ్చి, పిచ్చి అంటే పరువు తక్కువ, పరువు తక్కువ అంటే దాచిపెట్టడం. ఈ వరస అప్పుడే మన బుర్రల్లో స్థిరపడిపోయింది కాబోలు.

1923లో విశాఖపట్నంలో వైద్యకళాశాల, కింగ్ జార్జి ఆసుపత్రి మొదలయ్యాయి. సరిగ్గా ఆ మరుసటి ఏడు జర్మనీలో, యేనా అనే వూళ్ళో, హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు తలుపులు వేసుకుని ఓ పరిశోధన చేస్తున్నాడు. ఆయన కథ చిత్రమైనది.

కుర్రతనంలో బెర్గర్ సైన్యంలో వుండగా ఓనాడు గుర్రం మీదినుంచి కిందపడ్డాడు. ఎదురుగా ఫిరంగిబండి వచ్చేస్తోంది. చక్రం కింద నలిగిపోవలసినవాడు వెంట్రుకవాసిలో బతికాడు. ఆ సాయంత్రమే తండ్రి దగ్గర్నుంచి తంతి వచ్చింది, క్షేమమేనా అని. ఎన్నడూ లేనిది ఈ తంతి ఏమిటని విచారిస్తే, ఎక్కడో దూరాన వున్న అక్కగారు, తమ్ముడికేదో ఆపద వచ్చిందని ఒకటే గాభరాపడి తండ్రిచేత తంతి ఇప్పించిందట. మనసునుంచి మనసుకు కబురు ఎలా వెళ్ళింది? అదేదో తేల్చుకోవాలని బెర్గర్ వైద్యం చదివాడు. జీవితమంతా మెదడులోని శక్తికోసం వెతికాడు. మన ఆంధ్రవిశ్వవిద్యాలయంలో 1967లో కోనేరు రామకృష్ణారావుగారు మనోవిజ్ఞానానికీ, ఇటువంటి అతీంద్రియ విషయాలకూ కలిపి ఒక శాఖే నెలకొల్పారు. అంటే బెర్గర్‌ను వేధించిన ప్రశ్న వాల్తేరు కొండమీద కూడా వినపడిందన్నమాట.

బెర్గర్‌కు మనసు కబుర్లు దొరకలేదు. వెతికినది దొరక్కపోయినా అంతకంటే విలువైనది దొరికింది. 1924లో మొదటిసారి ఓ మనిషి తలమీద తీగలు అమర్చి, మెదడునుంచి వచ్చే విద్యుత్తును గీతలుగా పట్టుకోగలిగాడు. అది ఎంత సన్నని విద్యుత్తనుకున్నారు! టార్చిలైటు బ్యాటరీలో వుండేదాంట్లో ముప్ఫయివేలో వంతు. నిజమో భ్రమో తనకే నమ్మకం చాలక, అయిదేళ్ళపాటు మళ్ళీమళ్ళీ చూసుకున్నాడు. కన్నకొడుకు తలమీద కూడా తీగలు పెట్టి చూశాడు. 1929లో గాని ప్రకటించలేదు. కళ్ళు మూసుకుని హాయిగా కూర్చున్న మనిషి మెదడులో సెకనుకు పది దాకా వచ్చే అలలకు ఆల్ఫా అని పేరు పెట్టాడు. చాలామంది పట్టించుకోలేదు. 1934లో ఇంగ్లండులో ఏడ్రియన్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు తన తలమీదే ప్రయోగం చేసుకుని అవును, నిజమే అన్నాక లోకం నమ్మింది. అప్పటికి మన విశాఖ రేవులో ఓడలు ఆగడం మొదలై ఏడాదయినా కాలేదు. 1933 అక్టోబరులో మొదటి ఓడ 'జలదుర్గ' అక్కడ లంగరు వేసింది. పాపం బెర్గర్ మాత్రం దిగులు జబ్బుతో 1941లో ప్రాణం తీసుకున్నాడు. ఈవేళ ప్రతి పెద్దాసుపత్రిలోనూ వున్న ఇ.ఇ.జి. యంత్రానికి ఆదిపురుషుడు ఆయనే.

బెర్గర్ వేసిన బాటలో అమెరికావాళ్ళు పరుగెత్తారు. న్యూయార్కు దగ్గర ఆల్ఫ్రెడ్ లూమిస్ అనే ధనికుడు వుండేవాడు. బ్యాంకు వ్యాపారంలో కోట్లు గడించి, ఆ డబ్బుతో తన భవంతిలోనే ప్రయోగశాల పెట్టుకున్నాడు. మనుషుల్ని అక్కడ పడుకోబెట్టి రాత్రంతా మెదడు గీతలు తీయించాడు. నిద్ర అంటే ఒకటే చీకటి కాదు, మెట్లుమెట్లుగా లోతుకు దిగే దిగుడుబావి అని 1937కల్లా తేలింది. పై మెట్టుమీద చిన్న అలలు. కిందికి దిగినకొద్దీ సెకనుకు నాలుగుకంటే తక్కువగా, ఒకటీ రెండూగా, నిదానమైన పెద్ద అలలు. వాటికి డెల్టా అని పేరు స్థిరపడింది.

మరోపక్క 1935లో బోస్టనులో గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అనే ముగ్గురు, మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు క్షణాలు శూన్యంలోకి చూసి మళ్ళీ మామూలైపోయే పిల్లల్ని పరీక్షించారు. ఆ రెండు క్షణాల్లోనూ మెదడు గీతల్లో ఒక సూదిమొనా, దాని వెంటే ఒక నిదానపు అలా, మళ్ళీ సూదిమొనా, మళ్ళీ అలా, సెకనుకు మూడుసార్ల చొప్పున కనిపించాయి. వేల సంవత్సరాలుగా దయ్యమని పిలిచినదాని ముఖం మొట్టమొదటిసారి కాగితం మీద పడింది. ఆ సమయంలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు కూడా బోస్టనులోనే, హార్వర్డు వైద్యకళాశాలలో పనిచేస్తున్నారు.

గిబ్స్‌గారి భార్య ఎర్నా కూడా ఈ పనిలో భర్తకు సమానమైన శాస్త్రజ్ఞురాలే. ఆ దంపతులు 1947లో ఒక మాట నిర్ధారించి చెప్పారు. మేలుకుని వుండగా గీతల్లో ఏమీ కనిపించని మూర్ఛరోగుల్లో చాలామందికి, నిద్రపుచ్చి చూస్తే సూదిమొనలు బయటపడుతున్నాయని. మన ముసలమ్మల మాటకు అరవైయేళ్ళ ముందు గవర్స్ లెక్క సాక్ష్యం చెబితే, ఇప్పుడు యంత్రం వేలిముద్ర వేసింది.

సరే, నిద్రకీ మూర్ఛకీ ఈ స్నేహమేమిటి?

విశాఖలో జాలరిపేట ఒడ్డున అలివి వల లాగుతుంటే చూసే వుంటారు. అంతకుముందు ఒడ్డుమీద ఎవరి గోల వారిది. ఒకరు తాడు చుడుతుంటారు, ఒకరు చుట్ట కాలుస్తుంటారు, ఇంకొకరు బేరమాడుతుంటారు. మేలుకున్న మెదడు అటువంటిది. అందులో వున్న సుమారు 8,600 కోట్ల కణాలకు ఎవరి పని వారిది. అందుకే గీతలు చిన్నవిగా, గజిబిజిగా వుంటాయి. వల లాగే వేళ కాగానే అందరూ తాడు పట్టుకుని, ఒకే పాటకు, ఒకే ఊపుగా లాగుతారు. గాఢనిద్ర అటువంటిది. మెదడు నడిబొడ్డున థాలమస్ అనే కేంద్రం వుంది. అదీ, పైపొరలోని కణాలూ ఒకరికొకరు తాళం వేసుకుంటూ, లక్షలాది కణాలు ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా సద్దుమణుగుతాయి. అందరూ కలిసి లేస్తారు కాబట్టే అల అంత ఎత్తుగా వుంటుంది.

ఇప్పుడా వరసలో ఒకడి కాలు జారిందనుకోండి. ఎవరి పని వారు చేసుకునేటప్పుడైతే పడినవాడొక్కడే పడతాడు. అందరూ ఒక్క తాడు పట్టుకుని వున్నప్పుడు జారితే వరసంతా తూలుతుంది. మూర్ఛవ్యాధి వున్నవారి మెదడులో ఎక్కడో కొన్ని కణాలు నిలకడ లేకుండా వుంటాయి. పగటి గజిబిజిలో అవి అదిరినా అక్కడికక్కడే ఆగిపోవచ్చు. గాఢనిద్రలోని ఆ కట్టుబాటే వాటికి దారి ఇస్తుంది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా వుంది. కలలొచ్చే నిద్రలో, అంటే 1953లో కనిపెట్టిన, కనురెప్పల కింద గుడ్లు కదిలే నిద్రలో, కణాలు మళ్ళీ ఎవరి గోల వారిదన్నట్టు వుంటాయి. ఆ వేళలో మూర్ఛలు రావడం బహు అరుదు.

ఈ చుట్టరికంలో అన్నిటికంటే తల్లులు తెలుసుకోవలసిన ముచ్చట ఒకటుంది. 1957లో లాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు అమెరికన్లు, చక్కగా మాటలు వచ్చిన పిల్లలు క్రమంగా మాట పోగొట్టుకోవడం గురించి రాశారు. చెవుడు లేదు. పిలిస్తే మాత్రం అర్థంకాదు. 1971లో ఫ్రాన్సులో పాత్రీ, లియగూబీ, టసినారీ అనే వైద్యులు మరికొందరు పిల్లల్లో ఇంకో వింత చూశారు. నిద్రలోకి జారగానే సూదిమొనా అలా, సూదిమొనా అలా అని గీతలు మొదలై, గాఢనిద్ర దాదాపు పొడుగునా ఆగకుండా సాగేవి. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం లేదు, నురగ రావడం లేదు. పిల్లవాడు ప్రశాంతంగా నిద్రపోతున్నట్టే వుంటాడు. లోపల మాత్రం రాత్రంతా తుఫాను.

దాని ఫలితం పగలు కనిపిస్తుంది. నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ రాదు. మాట తడబడుతుంది. నిమిషం కుదురుండదు. పంతులుగారు మొద్దబ్బాయి అంటారు, తండ్రి బెత్తం తీస్తాడు. నిజానికి గాఢనిద్రలోని నిదానపు అలలు చదివినదాన్ని సర్దిపెట్టే పనిమనుషులు. రాత్రి మొదట్లో ఎత్తుగా లేచి, పని అవుతున్నకొద్దీ తెల్లారేసరికి తగ్గుతాయి. ఈ జబ్బు వున్న పిల్లల్లో అవి తగ్గవలసినంతగా తగ్గడం లేదని 2011లో జూరిచ్ నగరపు పరిశోధకులు చూపించారు. అంటే ఇల్లు సర్దడం పూర్తికాకుండానే తెల్లారిపోతోందన్నమాట. ఇది అరుదైన జబ్బే. అయినా బాగా చదివే పిల్ల, గలగల మాట్లాడే పిల్లవాడు ఉన్నట్టుండి వెనకబడితే, బెత్తానికి ముందు నరాల వైద్యుడు గుర్తుకు రావాలి. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మేలు.

భయపడవలసినవే కాదు, ధైర్యం చెప్పేవీ వున్నాయి. బడి ఈడు పిల్లల్లో నిద్రలోనో, తెల్లవారుజామునో మూతి ఒక పక్కకు లాగి, చొంగ కారి, కాసేపు మాటరాని రకం ఒకటుంది. పదహారేళ్ళు వచ్చేసరికి దాదాపు అందరికీ అదే పోతుంది. ఇంకో రకం పదమూడు పద్నాలుగేళ్ళ ఈడులో మొదలవుతుంది. పొద్దున్న లేవగానే చేతులు ఉలిక్కిపడతాయి. కాఫీ గ్లాసు ఎగిరి పడుతుంది, దువ్వెన జారుతుంది. "చేతికి పట్టు లేదుటే, రేపు అత్తారింట్లో ఏం చేస్తావే" అని ఆడపిల్లకైతే చీవాట్లు కూడాను. జర్మనీలో యాంట్స్ అనే వైద్యుడు 1957లో దీన్ని వివరంగా రాశాడు. నిద్ర చాలకపోతే ఇది రెచ్చిపోతుంది. పరీక్షల ముందు రాత్రులు, శివరాత్రి జాగారం, తెల్లవారుజాము ముహూర్తపు పెళ్ళిళ్ళు, మూడు షిఫ్టుల వూళ్ళో రాత్రి డ్యూటీలు, అన్నీ దీనికి ఆహ్వానాలే. ఈ జబ్బు వున్నవారికి వేళకు నిద్ర కూడా మందుతో సమానం.

మందుల కథలోనూ నిద్ర తొంగిచూస్తుంది. జర్మనీలో హౌప్ట్‌మన్ అనే యువవైద్యుడు రోగుల వార్డు పైనే కాపురముండేవాడనీ, రాత్రిళ్ళు వాళ్ళ మూర్ఛలతో తనకు నిద్ర కరువై, వాళ్ళకు కొత్తగా వచ్చిన నిద్రమందు ఇచ్చాడనీ చెబుతారు. నిద్ర మాట అటుంచి, మూర్ఛలే తగ్గాయి. ఆయన ఈ సంగతి 1912లో ప్రకటించాడు. మన వూళ్ళలో గార్డినాల్ అని పిలిచే మాత్ర అదే. 1938లో నిద్రమత్తు అంతగా లేకుండానే మూర్ఛను ఆపే ఫెనిటాయిన్ వచ్చింది. ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. సరైన మందు వేళతప్పకుండా వేసుకుంటే నూటికి అరవై డెబ్భై మందికి మూర్ఛలు ఆగిపోతాయి.

పరీక్షకు జంకవలసింది ఏమీ లేదు. తలకు నూనె లేకుండా తలంటుకుని, జడ విప్పుకుని వెళ్ళాలి. జిగురు లాంటి లేపనంతో ఇరవై పైచిలుకు తీగలు తలకు అంటిస్తారు. అవి మెదడులోకి కరెంటు పంపవు, మెదడు కరెంటును చూస్తాయంతే. "రాత్రి పిల్లవాణ్ణి పడుకోనివ్వకండి" అని డాక్టరు చెప్పారంటే కారణం మీకిప్పుడు తెలుసు. పరీక్షగదిలో వాడు కునుకు తీయాలి, ఆ నిదానపు అలలు లేవాలి, వాటి మాటున దాగినది బయటపడాలి. ఆ రాత్రి కథలు చెబుతూ, పచ్చీసు ఆడిస్తూ మేలుకుని వుండేది ఎలాగూ తల్లే.

ఇక పెళ్ళి మాట. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించినప్పుడు, మాటిమాటికీ మూర్ఛలు వచ్చేవారిని మతి చలించినవారితో ఒక్క వాక్యంలో కట్టి, వివాహానికి అనర్హులన్నారు. పాత పిచ్చాసుపత్రుల లెక్క చట్టంలోకి ఎక్కిందన్నమాట. ఎందరో వైద్యులూ, భారత ఎపిలెప్సీ సంఘమూ పోరాడగా 1999లో ఆ మాట తీసేశారు. చట్టంలో పోయింది గాని పెళ్ళిచూపుల చాపమీద పోలేదు. ఆడపిల్లకు మూర్ఛ వుందంటే నోరు నొక్కేస్తారు. ఆ పిల్ల అత్తవారింట్లో మాత్రలు ఎక్కడ దాచుకోవాలో తెలియక మానేస్తుంది. ఉన్నట్టుండి మాత్రలు మానడమే మూర్ఛను పిలిచి పీట వేయడం. దాచిన రహస్యం అందరి ఎదుటా బయటపడుతుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. ముందే చెప్పి చేసుకున్న పెళ్ళిలో ఆ పిల్ల ధైర్యంగా మాత్ర మింగుతుంది, హాయిగా నిద్రపోతుంది. మూర్ఛవ్యాధి వున్న స్త్రీలు బిడ్డల్ని కని పెంచుకుంటున్నారు. కాకపోతే కొన్ని మందులు కడుపులోని బిడ్డకు మంచివి కావు కనుక, గర్భం ధరించక ముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

ఎవరికైనా మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మనకు అలవాటు. ఉక్కునగరంలో ఇనుముకు కొదవా! కాని మూర్ఛ ఇనుముకు లొంగదు. అది దాని వేళకే ఆగుతుంది, ఆ ఘనత తాళంచెవులు కొట్టేస్తాయి. చేయవలసింది తక్కువే. దగ్గర్లోని పొయ్యి, పదునైన వస్తువులు తీసెయ్యండి. తలకింద మెత్తటి గుడ్డ పెట్టండి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచాగాని, నీళ్ళుగాని పెట్టకండి. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రాత్రి పిల్లవాడి పక్కన పడుకునేది తల్లి. మూతి వంకరపోవడం, చెయ్యి ఉలికిపడటం, పక్క తడిసిపోవడం, తెల్లారి అయోమయంగా చూడటం, ఇవన్నీ యంత్రానికంటే ముందు ఆమె కంటనే పడతాయి. ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏ పక్కన అనేది ఓ కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపిస్తే, సగం వైద్యం అక్కడే అయినట్టు. కింగ్ జార్జి ఆసుపత్రిలో నరాల వైద్యులున్నారు, బెర్గర్ యంత్రమూ వుంది. వేపమండకు పెట్టే ఖర్చు ఆటోకు పెడితే చాలు.